గొర్ల రసీదు మీద పేరు

తమ్మీ పర్వతాలూ,

జొన్నగటుక కుండల ఉంది, తిని కచేరికి పో. మనం కొనే ఇంటికి నువ్వు బయానా ఇచ్చిన పైసలు యాడియని మీ సాబు అడుగుతున్నడు గద, అంగడి రసీదు గూట్ల దీపపు బుడ్డి కింద పెట్టిన. చూపియ్యి. అక్క గొర్లమ్మి ఇచ్చిందని చెప్పు, నామోషీ పడకు. లంచం తిన్నవనుకుంటే నౌకరి పోతది.

ఆడదాని పేరు రాసే ఆనవాయితీ లేదని అంగట్ల నీ పేరే రాసిండ్రు. "గుమాస్తాకు గొర్లెక్కడియి?" అంటడేమో సాబు. నాకు మనసు నిలుస్తలేదు. గొర్లు కొన్న నూరుద్దీన్‌ను సాక్ష్యానికి తోలుకరానీకె అచ్చంపేట పోతున్న. నేనొచ్చేదాక సాబుకు ఎదురు మాట్లాడకు.

దొడ్డి ఖాళీగుంది, అటు దిక్కు చూడబుద్ధైతలేదు.

నీ అక్క గోపమ్మ

ఇంకో మాట. రసీదు మీదైతే నా పేరు లేకపాయె. ఇంటి కాగితం మీదనన్న రాయిస్తవా?