బీరు టూరుకే వెళ్తున్నాను

పెద్దోడా,

కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. పాపను స్కూలు నుంచి నువ్వే తీసుకురా. వాన పడేలా ఉంటే బట్టలు లోపల వెయ్యి.

నిన్న నువ్వు "ఈ వయసులో బీరు టూరేంటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?" అన్నప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. మానేశాననుకున్నావేమో, వెళ్తున్నాను. ఆస్పత్రిలో కలిసి పనిచేసిన నర్సులందరం బస్సెక్కి, ఊళ్లో బీరు తయారుచేసే చోట్లన్నీ తిరిగి, ప్రతిచోటా రుచి చూస్తాం.

ఇది మా హెడ్ నర్సు కోరిక. సోమవారం ఆవిడకి గొంతు ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉంటుందో పోతుందో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. "ఏడుపు మొహాలేసుకుని ఆస్పత్రికి రాకండి, ఇప్పుడే నాతో తాగడానికి రండి" అంది. మీ నాన్న పోయిన రోజు తెల్లవార్లూ నా చెయ్యి వదలకుండా కూర్చున్న మనిషి ఆవిడ. నువ్వు చెప్పే ఆ నలుగురిలో ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. తాగుతాను, ఆవిడ కబుర్లన్నీ వింటాను, వచ్చాక నీకు సంజాయిషీ చెప్పను.

అమ్మ

మర్చిపోయాను. నీ పెళ్లాం ఆఫీసుకి సెలవు పెట్టింది. "నేనూ రానా అత్తయ్యా?" అని తనే అడిగింది. తీసుకెళ్తున్నాను.