రెండు చుక్కల అంచు

శ్రీవారికి,

ముందుగదిలో ఉన్న మనిషికి వెనకగదిలోంచి ఉత్తరమేమిటని నవ్వకండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాస్తే మీరు పూట తిరక్కుండా జవాబిస్తారు. నేను నోటితో చెప్తే "ఊఁ, చూస్తాలే" అంటారు. అందుకని రాస్తున్నాను.

కంప్యూటర్ తెర మీద విండోలను జరపడం, పెంచడం, తగ్గించడం చూసుకునే ఆ ప్రోగ్రాముకి మీరు పెద్ద. దేశదేశాలవాళ్ళు కలిసి ఉచితంగా రాసే దాంట్లో మీరు ఒప్పుకుంటేనే ఏ మార్పయినా. రిటైరైన దగ్గర్నుంచి మీకదే లోకం. నేను దాని మీదే పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. ఎడమవైపు రాతప్రతి, కుడివైపు అచ్చుపేజీ. పేజీ మారినప్పుడల్లా ఒకటి పెంచాలి, ఒకటి తగ్గించాలి. అందుకు విండో అంచు పట్టుకోవాలి. ఆ అంచు మందం తెర మీద రెండు చుక్కలు. మౌస్ బాణం దాని మీద నిలవదు. నిలిచిందనుకుని నొక్కితే వెనకున్న విండో ముందుకొచ్చి కూర్చుంటుంది. నా మణికట్టు వాచింది. డాక్టరమ్మ "మౌస్ మానెయ్యండి" అంది. అన్నం మానెయ్యమన్నట్టుంది.

పోయిన వేసవిలో మిమ్మల్ని అడిగాను. ఒక కీ నొక్కి పట్టి, విండోలో ఎక్కడైనా కుడి బటన్‌తో లాగితే, దగ్గరున్న మూల కదిలేట్టు చెయ్యలేరా అని. "నీ ఒక్కదాని చెయ్యి చూసి లోకం మొత్తానికి మార్చమంటావా?" అని హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు.

ఆ హెడ్‌ఫోన్‌కి భయపడి, మీ పనికి అడ్డొస్తానేమోనని నేను కుళాయి సన్నగా తిప్పుతున్నాను. అక్కతో మాట్లాడాలంటే మెట్ల మీదకి పోతున్నాను. వీధి తలుపు తీసే ఉంటుంది. నేనే ఎక్కడికీ పోవడం లేదు.

పబ్లిషర్ తన ఆఫీసులో కూర్చుని పనిచెయ్యమన్నాడు. ఒప్పుకున్నాను. సోమవారం నుంచి వెళ్తాను. అడగడం లేదు, తెలియజేస్తున్నాను.

మీ వెనకగది

*

ఎడిటరమ్మకి,

నువ్వు ఒప్పుకోవడం విన్నాను. మెట్ల మీద మాట్లాడేవన్నీ లోపలికి వినిపిస్తాయి. హెడ్‌ఫోన్‌లో ఏమీ మోగడం లేదు. చాలాకాలంగా మోగడం లేదు.

నువ్వడిగిన మర్నాడే ఆ మార్పు రాశాను. ఎవర్నీ సంప్రదించకుండా అందరికీ పంపేశాను. పెద్దని కదా, అడిగేదేమిటనుకున్నాను. బొమ్మలు గీసే ప్రోగ్రాముల్లో సరిగ్గా అదే కీకి, అదే బటన్‌కి వేరే పని ఉందని చూసుకోలేదు. బొమ్మలు గీసేవాళ్ళు కుంచె లావు చేద్దామని లాగితే విండో పెద్దదైంది. తిట్లు కురిశాయి. "కీ ఒక్కటి మార్చండి సార్, సరిపోతుంది" అన్నారు మావాళ్ళు, మర్యాదగానే. "నాకు నేర్పేంతవాళ్ళయ్యారా?" అన్నాను. ఆ మార్పు తీసేశారు. నన్నూ తీసేశారు. నీ కంప్యూటర్‌కి అది చేరకముందే రెండూ అయిపోయాయి.

నీతో చెప్పడానికి నోరు రాలేదు. పొద్దున్నే వచ్చి కూర్చుంటాను. వేరేవాళ్ళకి వచ్చే ఫిర్యాదులు చదువుతాను. జవాబు తెలిసినా ఇచ్చే హక్కు లేదు. నాకిక ఎవరూ రాయరు. లేచి ఎక్కడికి పోవాలో తెలియక కూర్చునే ఉంటున్నాను.

నువ్వు సోమవారం వెళ్ళు. బొమ్మలవాళ్ళకి అడ్డం రాని కీ చూసి, నీ కంప్యూటర్‌లో ఇప్పుడే ఎక్కించాను. ఎడమచేత్తో కీ పట్టు, కుడిచేత్తో లాగు.

నీ ఆయన

*

శ్రీవారికి,

కోపం తగ్గలేదు. నా ఒక్కదాని చెయ్యి అన్నారే, ఆ మాట మర్నాడే వెనక్కి తీసుకున్నారని నాకు చెప్తే ఏం పోయేది? దాని సంగతి తర్వాత తేలుస్తాను.

ప్రస్తుతానికి ఫిర్యాదు ఇది. ఉదయం నుంచి వాడి చూశాను. కుడి మూల లాగితే బాగానే ఉంది, మణికట్టుకి సుఖంగా ఉంది. ఎడమ మూల లాగినప్పుడు మాత్రం, కదలకూడని కుడి అంచు వణుకుతోంది. చిన్న విండోల్లో తక్కువ, అచ్చుపేజీలో ఎక్కువ. ఎన్నిసార్లు లాగినా అంతే.

సోమవారం ఆఫీసుకి వెళ్తున్నాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి మీ జవాబు నా బల్ల మీద ఉండాలి.

ఇట్లు,
ఒక వాడుకరి