జమీందారమ్మ ఏడవదు

మమ్మల్ని మోసం చేశావు, సూరమ్మత్తా. పలాస జీడిపప్పు షెడ్డులో టీవీ లేని మా అందరికీ రోజూ పొద్దున్నే సీరియల్ కథ చెప్పేదానివి. జమీందారమ్మ పనిమనిషిని కొట్టి, తలుపేసుకుని ఏడ్చిందన్నావు. షెడ్డు మేస్త్రీ నిన్ను కొట్టిన రోజు కూడా అదే చెప్పావు.

నువ్వు చనిపోయాక మా ఇంట్లో టీవీ కొన్నాం. ఆ సీరియల్లో జమీందారమ్మ ఎప్పుడూ ఏడవదు. కొట్టి, కాఫీ తాగుతుంది.

ఇప్పుడు కథ చెప్పేది నేనే. నిన్న, పనిమనిషిని గెంటేసిందని చెప్పి ఆపాను.

"అది ఏడుస్తాదేటే! రాయి అది," అంది నీలవేణి.

"నోర్ముయ్యే. సూరమ్మ సెప్పనేదా?" అని ముసలి గౌరమ్మ నా వైపు తిరిగింది. "ఏడిసిందా నేదా, నువ్వు సెప్పు."

సోమవారం చెబుతానన్నాను. నిజం చెబితే నువ్వు అబద్ధాలకోరువి అవుతావు. కొట్టినవాళ్లూ ఏడుస్తారని అబద్ధం చెబితే, నిన్ను కొట్టిన ఆ మేస్త్రీని నేనూ క్షమించినట్టే. సోమవారం షెడ్డు బెల్లు కొట్టేలోగా నాకు జవాబు కావాలి.