గూడ్సు పెట్టెల చప్పుడు

అన్నయ్యా,

ఇక్కడ అందరం కులాసా అని రాయడం ఈసారి నా వల్ల కాదు.

మొన్న మీ బావ తన బొమ్మ పట్టాల మీద పాతకాలపు గూడ్సుబండి నడిపి చూపించారు కదా. మీట నొక్కితే వచ్చే, పెట్టెలు గుద్దుకునే చప్పుడు విని, "అచ్చం నిజం బండే, ఎలా పట్టారు బావా?" అని అడిగావు. ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను చెబుతాను.

అది మా ఇనప బీరువా చప్పుడు. ముందు పిడికిలితో గుద్ది రికార్డు చేశారు. బరువు చాల్లేదట. "ఇక ఆపండి, చెవులు చిల్లులు పడుతున్నాయి" అన్నాను. జుట్టు పట్టుకుని నా తల బీరువాకేసి కొట్టారు, తలుపు సొట్టపోయేదాకా. నేను నెత్తురు కడుక్కొని వచ్చేసరికి, నా కేక కత్తిరించేసి, మిగిలింది వింటూ "చప్పుడంటే ఇదీ" అంటున్నారు. మెట్ల మీద జారిపడ్డానని నీకు చెప్పిన కుట్లు ఆ దెబ్బవే.

కత్తిరించిన కేక, రికార్డరు చిప్పులోని అసలు రికార్డింగులో అలాగే ఉంది. ఆ చిప్పు ఇప్పుడు నా దగ్గరుంది. ఆదివారం కారు తీసుకుని రా, పోలీసులకు వినిపిద్దాం. ఇక వాణ్ణి ఆయన అనడానికి నాకు నోరు రాదు.

నీకు తెలియదు, నీ తప్పేం లేదు. కానీ ముచ్చటపడి ఆ మీట మళ్ళీ మళ్ళీ నొక్కావు చూడు, నొక్కినప్పుడల్లా నాకు తగిలింది.

నీ చెల్లి