గోడవైపు కొస

విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫాక్స్ నది ఒడ్డున ఉన్న హాలండ్ ఫాల్స్ ఊళ్లో, కాగితపు మిల్లు వెనకవీధి కాపురస్తురాలిని, నార్బర్ట్ వాన్‌డర్‌లూప్ భార్యను, ఆర్లిస్ వాన్‌డర్‌లూప్ అనే నేను నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న మరణశాసనం ఇది. నా ఒంట్లో క్యాన్సర్ పొట్టను తినేసింది గానీ తల జోలికి రాలేదని డాక్టరు చెప్పాడు. కాబట్టి నా మతి స్థిమితంగానే ఉంది. ఈ ఇంట్లో ఇద్దరం ఉన్నా, ఆ మాట చెప్పుకోగలిగింది నేనొక్కదాన్నే. లాయరు ప్రాల్ గారు మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నారు. మధ్యమధ్య ఆయన నిట్టూర్చినవి మాత్రం రాయడం లేదు.

1. ఇంతకుముందు నేను రాసినవన్నీ ఈ వీలునామాతో రద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురు రెనేది. కొడుకు కర్ట్ మంచివాడే, కానీ ఏ పని చెప్పినా "సరేలే అమ్మా, చూద్దాం" అంటాడు. వాడు చూసేలోగా నా సమాధి మీద గడ్డి మొలుస్తుంది.

2. కొట్టంలో ఉన్న, బూయా పులుసు కాచే పెద్ద గుండిగ చర్చి వాళ్లకు చెందాలి. ఏటా తిరునాళ్లకి కోడీ గొడ్డుమాంసమూ కలిపి అందులోనే ఉడికించుకోవచ్చు. గరిట మాత్రం నా ఆడపడుచు బెర్నడీన్ చేతికి ఇవ్వకూడదు. ఆవిడకు ఉప్పు ఎంత వెయ్యాలో తెలియదు, మాట ఎక్కడ ఆపాలో అంతకన్నా తెలియదు.

3. సదరు బెర్నడీన్‌కు, మా పెళ్లికి తనే ఇచ్చిన పింగాణీ గిన్నె తిరిగి ఇస్తున్నాను. ఎందుకో చెప్పాలి. ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడల్లా కోటు కూడా విప్పకుండా బాత్రూమ్‌లోకి పోయేది. టాయిలెట్ కాగితం చుట్టను తీసి తిప్పి పెట్టి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, భోజనానికి కూర్చున్న అందరి ముందూ "ఏం వదినా, మా అన్నయ్య పగలంతా నిలబడి ఆ పూలు అచ్చేసేది నీ గోడ చూసి మురవడానికా?" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నా ఒళ్లు మండిపోయేది.

4. బయటివాళ్లు ఈ కాగితాన్ని చదివితే అర్థం కావాలి గనుక తగువేమిటో రాయిస్తున్నాను. చుట్టను గోడకు తగిలించినప్పుడు వేలాడే కొస మన వైపు రావాలా, గోడ వైపు ఉండాలా అన్నదే తగువు. మిగతా ఊళ్లలో ఇది నవ్వులాట కావచ్చు. మా ఊళ్లో సగం మంది మగాళ్లు ఆ కాగితం చేసే బతికారు. నార్బర్ట్ నడిపింది కాగితం మీద పూల అచ్చు వేసే యంత్రం. కొస మన వైపు ఉంటేనే ఆ పూలు కనబడతాయి. గోడ వైపు పెడితే బోడి వెనకభాగమే కనబడుతుంది. నేను పెట్టేది గోడ వైపే. మా అమ్మ ఇంట్లో పిల్లి ఉండేది, కొస ముందుకు ఉంటే పంజాతో లాగి గదంతా పరిచేది. "మనింట్లో పిల్లెక్కడుందే?" అని ఆయన అరిచేవాడు. పిల్లి లేకపోతేనేం, అలవాటు ఉందిగా అనేదాన్ని. "నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు!" అని విసుక్కుంటూ వెళ్లి తిప్పి పెట్టేవాడు. ఆయన అటు పోగానే నేను మళ్లీ తిప్పేదాన్ని. కాపురమంతా ఇలాగే సాగింది. దీనికి నేనేమీ సిగ్గుపడడం లేదు.

5. నార్బర్ట్ జింకల వేటకు వేసుకునే నారింజరంగు కోటు కర్ట్‌కు. జేబులు ఖాళీ చేయకు నాయనా, ఉతకకు. నీ తండ్రి వాసన ఇక దాంట్లోనే ఉంది. నా ఊలు దుప్పట్లు, జున్ను కోసే కత్తి, శుక్రవారాలు చేపలు వేయించే మూకుడు రెనేకు. మూకుడును సబ్బుతో తోమావంటే నీ కలలోకి వస్తాను.

6. ఇక ఇల్లు. అసలు ఈ కాగితం రాయిస్తున్నదే దీనికోసం.

నా భర్తకు మతిమరుపు జబ్బు. ముందు పేకాటలో ముక్కలు మరిచాడు. తర్వాత మిల్లుకు దారి మరిచాడు, తర్వాత పిల్లల పేర్లు. పోయిన చలికాలం నన్ను మరిచాడు. నేను అన్నం పెట్టే మనిషినని తెలుసు, అంతే. కానీ బాత్రూమ్‌లోకి వెళ్లి కొస గోడ వైపు ఉండడం చూశాడంటే చాలు, పాత నార్బర్ట్ లేచి వస్తాడు. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు! చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది!" అని లోపల్నుంచి కేకలు. పెళ్లాన్ని గాక ఇంకెవర్ని అంటాడు అలా? ఆ కాసేపూ నేను ఆయనకు భార్యను. తిప్పి పెట్టి బయటికొస్తాడు. కుర్చీలో కూర్చునేసరికి మళ్లీ ఎవరో. నేను వెళ్లి, ఇంకోసారి తిట్టించుకోవడానికి, కొసను గోడ వైపు తిప్పి వస్తాను.

నేను పోయాక ఆయన్ను గుట్ట మీది వృద్ధాశ్రమంలో వేస్తారని తెలుసు. వెళ్లి చూసి వచ్చాను. భోజనం బాగానే ఉంది, అక్కడ పనిచేసే పిల్లలు శ్రద్ధగానే చూస్తున్నారు. కానీ అక్కడ కాగితం తాళం వేసిన రేకు డబ్బాలో ఉంటుంది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. అక్కడ ఆయన ఎవరితో పోట్లాడతాడు?

కాబట్టి, నా ఇద్దరు పిల్లల్లో ఎవరు ఈ ఇంట్లో ఉండి తండ్రిని చూసుకుంటారో, ఇల్లు వారిదే. షరతు ఒకటే: రోజూ పొద్దున్నే కొసను గోడ వైపు పెట్టాలి. ఆయన తిడితే తలుపు దగ్గర నిలబడి వినాలి, ఎదురు చెప్పొచ్చు. "అమ్మా, ఒక కాగితం చుట్ట కోసం ఇల్లు రాస్తావా? జనం నవ్వుతారు" అని రెనే ఏడ్చింది. నవ్వనీ. "ఇలాంటి షరతు కోర్టులో నిలవదమ్మా" అన్నారు ప్రాల్ గారు. నిలవకపోయినా మీరు రాయండి అన్నాను.

పైవన్నీ సోమవారం రాయించినవి. కింది అంశం శుక్రవారం, ప్రాల్ గారిని మళ్లీ పిలిపించి చేర్పించినది.

7. మంగళవారం పొద్దున నార్బర్ట్ బాత్రూమ్ నుంచి చప్పుడు చేయకుండా వచ్చాడు. చూసుకోలేదేమో అనుకున్నాను. లోపలికి వెళ్లి చూస్తే కొస గోడ వైపే ఉంది. బుధవారమూ అంతే. నిన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఎదురుగా నిలబెట్టాను. ఇదిగో, గోడ వైపు పెట్టాను, చూడు, తిట్టు, అన్నాను. చుట్టను చూశాడు. నన్ను చూశాడు. "బాగానే ఉందండీ" అన్నాడు. మొదటిసారి కలిసిన నాడు కూడా నన్ను అండీ అనని మనిషి. కొసను మా ఇద్దరి వైపు తిప్పాను, మళ్లీ గోడకు తిప్పాను. నవ్వుతూ నిలబడ్డాడు, దుకాణంలో తన వంతు కోసం ఆగినట్టు. నేను అక్కడే తొట్టి అంచు మీద కూలబడి గట్టిగా ఏడ్చాను. ఆయన ఎవరినో సాయం పిలుద్దామని బయటికి వెళ్లాడు.

ఇందుమూలంగా ఆరవ అంశంలోని షరతు రద్దు చేస్తున్నాను. ఇల్లు అమ్మి పిల్లలిద్దరూ సమానంగా తీసుకోవచ్చు. నా భర్తను ఎక్కడ వీలైతే అక్కడ ఉంచవచ్చు. కాగితం ఎవరికి తోచినట్టు వాళ్లు తగిలించుకోవచ్చు.

2011 నవంబరు 18, శుక్రవారం, హాలండ్ ఫాల్స్.

(సంతకం) ఆర్లిస్ వాన్‌డర్‌లూప్

సాక్షులు:
లోయిస్ డెబౌష్, పక్కింటి కాపురస్తురాలు
మార్విన్ టెస్కీ, లాయరు ప్రాల్ గారి గుమాస్తా