మినిట్స్‌లోకెక్కిన గుర్రం

మార్చి 5, మంగళవారం

కౌన్సిల్ మీటింగ్. మినిట్స్ రాసే పని నాది, పదకొండేళ్లుగా. టౌన్ మురుగునీటిని శుద్ధి చేసి పైపులో తెచ్చి నదిమొగలో వదులుతారట. ఈ నేలకి ఆదివాసులమైన మా మావోరి వాళ్లు కూరకి ఆల్చిప్పలు ఏరుకునే చోటది. శుద్ధి చేశాక ఇంకేం బాధ అంటారు. ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలిశాక గొంతులో ముద్ద ఎలా దిగుతుంది?

వైమారీ అత్త మాట్లాడటానికి లేచింది. మనిషికి మూడు నిమిషాలు. అత్త ముందు మా కొండ పేరు చెప్పింది, తర్వాత నది పేరు, తర్వాత తాతముత్తాతల పేర్లు. పైపు సంగతికి రాకముందే గంట మోగింది. కొట్టింది నేనే. అదీ నా ఉద్యోగంలో భాగమే.

అత్త కోప్పడలేదు. "నేనింకా గుమ్మంలోనే ఉన్నాను బాబూ. తతిమ్మాది వినాలంటే మీరే మా ఇంటికి రండి," అని కౌన్సిల్ మొత్తాన్ని మా మరాయెకి పిలిచి కూర్చుంది. మా వాళ్లంతా కలిసి కూర్చుని మాట్లాడుకునే ఇల్లు అదే.

పార్కింగ్‌లో నా చెయ్యి పట్టుకుని, "గంట బాగా కొట్టావే రాహెరా. ఇంత ఠంచనుగా మీ అమ్మ ఎప్పుడైనా భోజనానికి పిలిచిందా?" అంది.

మార్చి 6

వస్తానన్నది ఒక్కడే. పైపు ఇంజనీర్ డెరెక్ హాలం. మా బాస్ లినెట్ నన్ను కూడా వెళ్లి మినిట్స్ రాయమంది. రెండు గంటల్లో అయిపోతుంది కదా అని డెరెక్ అడిగాడు. అవుతుందన్నాను. అబద్ధమాడినందుకు ఏ మాత్రం బాధ కలగలేదు.

మార్చి 8, శుక్రవారం

స్వాగతం, ప్రసంగాలు, పాటలు, టీ. మళ్లీ ప్రసంగాలు. భోజనాల వేళ దాకా పైపు మాటే రాలేదు. డెరెక్ తన డ్రాయింగ్‌ల చుట్టను ఒడిలో పసిపిల్లలా పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం అందరూ ఒక మాట మీదికి వచ్చారు. నీళ్లలో వద్దు, మట్టికి ఇవ్వండి, మట్టి కడుగుతుంది. మరి ఏ మట్టి? పల్లపు నేలలన్నీ ఊటే. వాన నిలవని చోటు ఒక్కటే, ఇహాయా తాత పచ్చికబీడు, పైన వాలు మీద. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరూ అనలేదు. అతిథి ముందు అడిగితే ఆయన కాదనలేడు. కాదనలేని మనిషిని అడగటం తప్పు.

అందరూ మట్టికే సరే అన్నాక తాత వైపు చూశారు. ఎనభై ఒకటో ఏడు ఆయనకు. "నాకింకా మనసు కుదరలేదు," అని, చనిపోయిన తన భార్య గుర్రం గురించి మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా అదే.

డెరెక్ నా చెవిలో, "నలభై మంది సరేనన్నారు, ఒక్కాయన అనలేదు. తేలిపోయినట్టేగా?" అన్నాడు. అత్త చెవిన పడింది. "తేలిపోయాక ఆ ఒక్కణ్ణీ ఎక్కడ పెడదాం నాయనా? నీ కారు డిక్కీలోనా?"

డెరెక్ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. రేపు మళ్లీ వస్తానన్నాడు.

మార్చి 9

ఇవాళ కూడా గుర్రమే. డెరెక్ నాలుగు చిలగడదుంపలు తిన్నాడు.

మార్చి 10, ఆదివారం

ఇది వదలకుండా రాసుకోవాలి.

గుర్రం పేరు క్వీనీ. తాత భార్య మాకెరెతాది. ఒకసారి సముద్రం ఆటు మీదున్నప్పుడు ఆ గుర్రం మొగ దగ్గర బురదలో దిగబడిపోయింది. మా వాళ్లూ పక్క పొలం తెల్ల రైతూ కలిసి తాళ్లు కట్టి లాగారు. ఆ రోజు నుంచీ మాకెరెతా దాన్ని కిందికి దిగనివ్వలేదు. పైన వాలు మీదే ఉంచింది. "మూడు చలికాలాలు వాన ఎడతెగకుండా కురిసింది. దాని గిట్ట తడిస్తే ఒట్టు," అన్నాడు తాత.

కిటికీలోంచి పైన వాలు వైపు చూపించాడు.

"ఇప్పుడు గుర్రమూ లేదు, దాని మనిషీ లేదు. గడ్డి మాత్రం నడుమెత్తు పెరిగింది. ఆ నేల ఊరికే కూర్చుని నన్ను చూస్తోంది. ఎవరైనా దానికో పని చెబితే బాగుండు."

కూర్చున్నాడు. అత్త కళ్లు తుడుచుకుని పాట ఎత్తుకుంది. నలభై మందీ లేచి నిలబడి పాడారు. నేనూ పాడాను, పెన్ను చేతిలో ఉండగానే.

డెరెక్ నన్ను మోచేత్తో పొడిచి ఏమైందన్నాడు.

"స్థలం ఇచ్చాడు. అమ్మటం కాదు, వాడుకోమని."

"ఎప్పుడు?"

"శుక్రవారం నుంచీ ఇస్తూనే ఉన్నాడు."

రబ్బరు బూట్లు వేసుకుని అందరం వాలు ఎక్కాం. డెరెక్ మోచేతి లోతు గొయ్యి తవ్వి బకెట్ నీళ్లు పోశాడు. చూస్తుండగానే ఇంకిపోయాయి. ఇంకో బకెట్ తెమ్మన్నాడు. మొహం చూడాలి, పెళ్లికొడుకులా ఉన్నాడు.

మార్చి 12

లినెట్ మినిట్స్ చదివింది. మూడు పేజీల గుర్రం తీసెయ్యమంది. "తీర్మానం ఎక్కడుంది? ప్రతిపాదించింది ఎవరు? బలపరిచింది ఎవరు?" అంతా అందులోనే ఉందన్నాను. "గుర్రంలోనా?" అంది. చెడ్డ మనిషి కాదు. వానొస్తే తన గొడుగు నాకిచ్చి తను తడుస్తుంది. కానీ శుక్రవారంలోగా సరిచెయ్యకపోతే ఈ పని ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని కూడా అంది. మెల్లగానే అంది.

మార్చి 14

తీసి చూశాను. క్వీనీని తీస్తే మూడు చలికాలాలూ పోయాయి. అవి పోతే ఆ వాలు ఎందుకు మంచిదో తెలియదు. మాకెరెతాని తీస్తే తాత ఎందుకిచ్చాడో తెలియదు. ఇంత దూరం వచ్చి భయపడటం ఏమిటని అన్నీ మళ్లీ పెట్టేశాను. కింద ఒక వరస కలిపాను.

ప్రతిపాదించినది: ఇహాయా. బలపరిచినది: లేచి నిలబడి పాడిన నలభై మంది.

మార్చి 15, శుక్రవారం

లినెట్ నిలబడే రెండుసార్లు చదివింది. "పేజీ నంబర్లు వెయ్యి," అని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కేక్ కొనుక్కుని ఒక్కదాన్నే తిన్నాను.

ఏప్రిల్ 2, మంగళవారం

కౌన్సిల్ మీటింగ్‌కి తాతా అత్తా మా వాళ్లూ వచ్చారు. డెరెక్ కొత్త డ్రాయింగ్ పెట్టాడు, పైపు నదిమొగకు కాక వాలు మీదికి. మినిట్స్‌లో ఉన్న ఈ క్వీనీ ఎవరని ఒక కౌన్సిలర్ అడిగాడు. డెరెక్ మొత్తం చెప్పాడు. బురద, తాళ్లు, గిట్టలు. మాకెరెతా పేరు దగ్గర ఆగి, సరిగ్గా పలికానా అన్నట్టు తాత వైపు చూశాడు. తాత తలూపాడు.

ఏడుగురు అవును, నలుగురు కాదు. గెలిచాం. 7–4 అని రాసుకున్నాను.

తల ఎత్తేసరికి అత్త మా వాళ్ల దగ్గర లేదు. వేయించిన రొట్టెల పళ్లెం పట్టుకుని ఆ నలుగురి దగ్గర కూర్చుని ఉంది. ఓడినవాళ్లతో ఏం పనని ఇంటికొచ్చేటప్పుడు అడిగాను. "ఓడటమేమిటే, వాళ్లకింకా మనసు కుదరలేదు," అంది. పళ్లెం ఖాళీగా తిరిగొచ్చింది. వాళ్లలో ఇద్దరు ఆల్చిప్పల కూర తినడానికి ఆదివారం వస్తున్నారట.

జూన్ 18

తవ్వే యంత్రం వాలు మీదికి వచ్చింది. మొదలుపెట్టే ముందు ఇహాయా తాత నాలుగు మాటలు చెప్పాలి. తాత కుర్చీలో, ఎండలో, నిద్రపోయాడు. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. డెరెక్ ఫ్లాస్క్ మూత తీశాడు. తలా కాస్త టీ.

ఎవరూ లేపలేదు.