ఎడమ పైమూల

మార్చి 3, ఉదయం 10.20

స్క్రీన్ ఎడమ పైమూలలో అమ్మ ఒక్క బుడగ కూడా చూడలేదు. అక్కడున్నవి ముప్పై ఒకటి. మిగతా స్క్రీనంతటా ఒక్కటీ వదల్లేదు.

మా డిటెక్టర్ ఒక గాజు జాడీ. అందులో ద్రవం మరిగే వేడి దాటినా మరగకుండా ఆగి ఉంటుంది. కంటికి ఆనని కణం వచ్చి కాస్త తోస్తే చాలు, అక్కడొక బుడగ. కెమెరా ఫొటో తీస్తుంది. న్యూట్రాన్ అయితే తరచూ రెండు మూడు చోట్ల తగులుతుంది. మేం వెతికే కణం ఒక్క చోటే తగలాలి. అందుకే ఒంటి బుడగ కోసం చూస్తాం.

సాఫ్ట్‌వేర్ లెక్క సరిచూడడానికి మనిషి కన్ను కావాలన్నారు బాస్. ఫిల్ము రోజుల్లో అమ్మ ఈ ల్యాబ్‌లోనే ముప్పై ఏళ్లు ఇదే పని చేసింది. రిటైరయ్యాక గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. పిలిస్తే ఎగిరి గంతేసింది. ఒక్కో ఫ్రేము రెండే సెకన్లు. ఎడమ కన్ను మూసి చూడడం ఆమె పాత అలవాటు. నిన్న పదకొండు ఒంటి బుడగలు పట్టి, నీ కంప్యూటర్‌కి కళ్లజోడు పెట్టించవే అంది.

ఆ పదకొండింటికీ పైమూలలో జత ఉంది.

మార్చి 4

పరధ్యానం కావచ్చు, ఫ్రేములు కుడిఎడమలు తిరగేసి చూపించు, ఆవిడకి చెప్పకు అన్నారు బాస్.

మార్చి 5, మధ్యాహ్నం 2.00

తిరగేశాను. మొన్న తప్పినవన్నీ కుడికి వచ్చాయి. అన్నీ చూసింది. ఎడమ పైమూలకి కొత్తగా ఇరవై ఆరు వచ్చాయి. ఒక్కటీ చూడలేదు.

మార్చి 6

అమ్మకి చెప్పలేదు.

మార్చి 7, సాయంత్రం 5.30

అమ్మే పట్టేసింది. గాజు అడుగున గీత ఎప్పుడూ ఎడమనే ఉంటుంది, మొన్న కుడిన ఉంది, పరీక్ష కంప్యూటర్‌కా నాకా అని నిలదీసింది. ఎక్కడెక్కడ తప్పిందో చూపే గ్రాఫ్ ఆమె ముందు పెట్టాను.

ఆ మూల మీద వేలు పెట్టింది. అల్మరా తలుపు రెండుసార్లు నుదుటికి కొట్టుకుందట, ఇల్లే కుదించుకుపోతోందేమో అనుకుందట. ఏడ్చింది నేను. కీబోర్డు తడిసిపోతుంది, ముక్కు చీదుకో పిల్లా అంది.

డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నాను. రానంది. పాత ఫిల్ముల్లో కూడా ఇలాగే తప్పానా, ముందు అది చెప్పు అంది.

మార్చి 10

ఆమె ఆఖరి ఏడాది ఫిల్ము రోల్స్ నాలుగు తెప్పించి సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాను. ఎడమ పైమూలలో రెండు వందల పన్నెండు. అమ్మ రాసినవి రెండు వందల పదమూడు. ఎక్కువైనదాన్ని నేనే వెతికి చూశాను. ఉంది.

ఫోన్ చేసి చెప్పాను. సరే, ఇప్పుడు పద డాక్టర్ దగ్గరికి అంది.

మార్చి 11

కంట్లో ప్రెషర్. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలబెట్టొచ్చన్నారు డాక్టర్. ఎంత మిగిలిందో చూడడానికి ఫీల్డ్ టెస్ట్ రాశారు.

మార్చి 12, ఉదయం 7.50

టెస్ట్ 9.15కి. చీకటి గదిలో చిన్న చిన్న వెలుగు చుక్కలు. కనబడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. మొత్తం ఎన్ని చుక్కలో తనకి ముందే చెప్పొద్దని అమ్మ క్లినిక్‌కి ఫోన్ చేసింది.